ఇంటి నుంచి పనిచేసే మా ఐదు సిస్టమ్‌లకు అప్‌డేట్ సర్వీసు: ఏడాది వాడాక నా మాట

సిస్టమ్‌కు నెలకు 350 రూపాయలు. ఐదు సిస్టమ్‌లకు 1,750. "విండోస్ దానంతట అదే అప్‌డేట్ అవుతుంది కదా, దానికి కూడా మనిషిని పెట్టుకోవాలా?" అని మా ఆయన మొదటి బిల్లు చూసి అడిగారు. నాకూ అదే అనుమానం ఉండేది, నిజం చెప్పాలంటే ఇప్పటికీ సగం ఉంది. ఏడాది గడిచింది కాబట్టి రాస్తున్నా. సర్వీసు గవర్నర్‌పేటలో ఒక చిన్న కంప్యూటర్ షాపువాళ్ళది. పేరు వేయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, ఆ కుర్రాళ్ళేమో మంచివాళ్ళు, వాళ్ళ పొట్ట మీద కొట్టడం నాకిష్టం లేదు. ఇలాంటి సర్వీసు మీ ఊళ్ళో ఎవరిస్తున్నా ఏం అడిగి తీసుకోవాలో తెలిస్తే చాలు.

మాది పటమట. నేను, ఇంకో నలుగురం కలిసి ఇంగ్లండ్‌లో ఉన్న ఒక అకౌంటింగ్ ఆఫీసుకు బుక్‌కీపింగ్, పేరోల్ చేసి పెడతాం. మాకంటూ ఆఫీసేమీ లేదు. ఒకమ్మాయి గుంటూరు బ్రాడీపేటలో, ఒకరు మంగళగిరిలో, ఒకరు గుడివాడలో, ఇంకొకాయన తెనాలిలో. తెనాలి ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, మా నాన్నగారి స్నేహితుడు, నాకు బాబాయ్ వరస. ఎవరి కంప్యూటర్ వాళ్ళదే. పెద్ద కంపెనీల్లో అయితే ల్యాప్‌టాప్ వాళ్ళే ఇచ్చి, అప్‌డేట్ కూడా అటునుంచి వాళ్ళే తోసేస్తారు, మనం కాఫీ తాగొచ్చేసరికి అయిపోతుంది. మాకా వైభోగం ఎక్కడిది?

నిరుడు క్లయింటు దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. బ్రిటన్‌లో సైబర్ ఎసెన్షియల్స్ అని ప్రభుత్వ అండతో నడిచే ఒక సర్టిఫికెట్ ఉంది, వాళ్ళు దానికి అప్లై చేస్తున్నారట. దాని లెక్క ప్రకారం ప్రమాదకరమైన లోపానికి అప్‌డేట్ విడుదలయ్యాక 14 రోజుల్లోపు అది సిస్టమ్‌లో పడి ఉండాలి. ఇంట్లో కూర్చుని సొంత కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. మీ ఐదుగురివీ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యాయో రాసి పంపండి అన్నారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే మూడు "అయ్యే ఉంటుంది"లు వచ్చాయి, బాబాయ్ నుంచి శుభోదయం అని ఒక గులాబీ పువ్వు వచ్చింది. నాకు టెన్షన్ అక్కడ మొదలైంది.

షాపు నుంచి వచ్చిన కుర్రాడు మొదటి రోజు నా సిస్టమ్‌లో ఏమీ వేయలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్‌టైమ్ అని ఉన్న అంకె మీద వేలు పెట్టాడు. 19 రోజుల చిల్లర.

"అక్కా, 19 రోజుల నుంచి మీరు దీన్ని ఆపలేదు."

"అదేంటి బాబూ, నేను రోజూ రాత్రి షట్‌డౌన్ కొట్టి, గోడ మీద స్విచ్ కూడా కట్టేసి పడుకుంటాను."

తెలిసిందేంటంటే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగిపోదట. తన అసలు భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, పొద్దున తొందరగా లేవడానికి మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ అంటారు దాన్ని. మొత్తం ఆగి మళ్ళీ మొదటినుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాల్సిందే. నా సిస్టమ్‌లో అప్‌డేట్ దిగి రెండు వారాలైంది, గడప బయట చెప్పులు విప్పుకుని నిలబడి ఉంది, లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. అప్‌డేట్ దిగడం వేరు, కుదురుకోవడం వేరు అని నాకు ఆ రోజే అర్థమైంది. మా ఆయన ప్రశ్నకు జవాబు కూడా అదే. దించడం విండోస్ చేసుకుంటుంది, ఈ 350 ఇచ్చేది అది కుదురుకుందో లేదో చూసి, లేకపోతే ఫోన్ చేసి సతాయించడానికి.

తెనాలి బాబాయ్ ల్యాప్‌టాప్‌లో ఆ అంకె 63 రోజులు. ఆయన షట్‌డౌన్ కూడా కొట్టరు. "మూత వేస్తే ఆగినట్టే కదమ్మా" అన్నారు. గుడివాడ డెస్క్‌టాప్ కథ ఇంకోటి. ఎప్పుడో అసెంబుల్ చేయించినప్పుడు అక్కడి మనిషెవరో సిస్టమ్ స్లో అవుతుందని విండోస్‌లో అప్‌డేట్లు వేసే భాగాన్నే ఆపేసి ఇచ్చాడు, ఓనర్‌కు చెప్పను కూడా చెప్పలేదు. ఆ సిస్టమ్‌లోనే ఇంగ్లండ్ వాళ్ళ జీతాల షీట్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి. ఇది విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇక షాపువాళ్ళు చేసే పని ఎలా ఉంటుందో చెప్తాను. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి నెలలో రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది, అమెరికా పసిఫిక్ టైము పొద్దున పదింటికి. మనకు వేసవిలో అయితే రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మా పని మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై రాత్రి పదిన్నరకు దిగుతుంది, అంటే మేం దుకాణం కట్టే టైముకి అది వస్తుంది. అయినా ఆ రాత్రి షాపువాళ్ళు మా సిస్టమ్‌లను ముట్టుకోరు. బుధవారం వాళ్ళ షాపులో ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్ మీద వేస్తారు. గురువారం మంగళగిరి సిస్టమ్. ఆ రెండూ బాగుంటే శనివారం రాత్రి మిగతా నాలుగూ.

ఈ పద్ధతి చూసి నేను మొదట్లో పోట్లాడాను. ఎందుకంటే వాళ్ళే చెప్పారు, అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచి కంప్యూటర్లలోకి చొరబడే దొంగలు పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టుకుని తేడా వెతుకుతారని. గోడలో ఏ కన్నం పూడ్చారో చూస్తే చాలు, ఇంకా పూడ్చుకోని ఇళ్ళు ఏవో తిరిగి చూసుకుంటారు. 2017లో వానాక్రై అని, ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు ఇదే జరిగింది, మార్చి 14న మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది, మే 12న జబ్బు ప్రపంచమంతా పాకింది. మధ్యలో రెండు నెలలు ఉంది, వేసుకోనివాళ్ళు వేసుకోలేదు. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అంత తెలిసి శనివారం దాకా ఎందుకు ఆగుతున్నారని అడిగాను.

దానికి ఆ కుర్రాడు 2024 జూలై 19 గుర్తు చేశాడు. క్రౌడ్‌స్ట్రైక్ రోజు. అది విండోస్ అప్‌డేట్ కాదు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన కస్టమర్ల సిస్టమ్‌లకు పంపిన ఒక తప్పుడు ఫైలు, కానీ ఒకేసారి వదిలేసరికి 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసుల ఫోటోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి కదా, అది. "ఐదూ ఒకేసారి పడిపోతే సోమవారం మీ పేరోల్ ఎవరు చేస్తారక్కా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. అయితే ఒక షరతు పెట్టాను, దొంగలు అప్పటికే వాడుతున్న లోపం అని మైక్రోసాఫ్టే చెప్తే మాత్రం శనివారం దాకా ఆగొద్దు, మరుసటి రాత్రే వేయాలి. ఒప్పుకున్నారు, ఏడాదిలో రెండుసార్లు అలా వేశారు కూడా.

క్రోమ్ విషయం చిన్నది కానీ చెప్పాలి. 2023 ఆగస్టు నుంచి దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు వారం వారం వస్తున్నాయి. కుడి వైపు పైన మూడు చుక్కలు ఉండే చోట రీలాంచ్ చేయమని కనిపిస్తుంది చూడండి, అది నొక్కేదాకా పాత క్రోమే నడుస్తుంటుంది. మా బ్రాడీపేట అమ్మాయి దాన్ని నెల రోజులు అలాగే ఉంచింది, తెరిచిన అరవై ట్యాబులు పోతాయని భయం. రీలాంచ్ అయ్యాక ట్యాబులు మళ్ళీ వాటంతట అవే తెరుచుకుంటాయని చూపించేదాకా నమ్మలేదు.

ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది విండోస్ కానిది. విన్‌రార్, జిప్ ఫైళ్ళు విప్పే సాఫ్ట్‌వేర్. నలభై రోజుల ట్రయల్ అని చెప్పి మన జీవితమంతా నడిచిపోయే ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్ మన వైపు ఉంటుందా? మా ఐదింటిలో నాలుగింట్లో ఉంది, నాలుగూ పాత వెర్షన్లే. అది దానంతట అది అప్‌డేట్ కాదు, మనమే వెళ్ళి కొత్తది దించుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి, ఎవరు చేస్తారు? 2023లో అందులో ఒక లోపం బయటపడింది. జిప్ ఫైలు తెరిచి లోపల ఉన్న ఫోటో మీదో మామూలు డాక్యుమెంట్ మీదో నొక్కితే, వెనకాల ఇంకేదో ప్రోగ్రామ్ నడుస్తుంది. కొన్ని నెలలపాటు ట్రేడింగ్ చేసేవాళ్ళను దాంతో దోచుకున్నారు. 6.23 వెర్షన్‌లో సరిచేశారు. 2025లో ఇంకోటి దొరికింది, దానికి మందు 7.13లో వచ్చింది. మా పనే క్లయింట్లు జిప్ చేసి పంపే బిల్లులు, రసీదుల ఫోటోలు తెరవడం. రోజుకు ఇరవై ముప్ఫై తెరుస్తాం. ఇన్నాళ్ళూ అలా తెరుస్తూ పోయామా అని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. వాళ్ళు రెండింట్లో తీసేశారు, రెండింట్లో కొత్తది వేశారు, ఇప్పుడు నెలనెలా వెర్షన్ చూస్తున్నారు.

దీని గురించే ఆ కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు, నేను తర్వాత చదువుకుని నిర్ధారించుకున్నాను. లాస్ట్‌పాస్ అని పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే పెద్ద కంపెనీ, 2022లో దాన్ని కొల్లగొట్టారు. దొంగలు వెళ్ళింది ఒక సీనియర్ ఇంజనీరు ఇంటి కంప్యూటర్‌లోకి. ఆయన ఇంట్లో సినిమాలు చూసుకోవడానికి ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు, అది పాత వెర్షన్. దాని లోపానికి అప్‌డేట్ 2020 మే నెలలోనే వచ్చింది, ఈయన వేసుకోలేదు, అప్పటికి దాదాపు 75 వెర్షన్లు వెనకబడి ఉన్నారు. దాంట్లోంచి దూరి, ఆయన కీబోర్డు మీద కొట్టేదంతా రాసుకునే ప్రోగ్రామ్ పెట్టి, మాస్టర్ పాస్‌వర్డ్ పట్టుకున్నారు. పాస్‌వర్డ్‌లు కాపాడటమే వృత్తిగా ఉన్న మనిషి ఇంట్లోనే సినిమాల సాఫ్ట్‌వేర్ కొంప ముంచితే, ఇక మన పిల్లలు నా సిస్టమ్‌లో ఎక్కించుకున్న గేముల మాటేంటి? ఆ సాయంత్రమే పిల్లలకు పాత ట్యాబ్ ఒకటి అప్పజెప్పి నా డెస్క్ దగ్గరికి రావద్దన్నాను. ఇంట్లో ఇప్పటికీ దానిమీద పంచాయతీ నడుస్తోంది.

ఇక తిట్లు.

ఆగస్టులో ఒక ఆదివారం బ్రాడీపేట అమ్మాయి ల్యాప్‌టాప్‌కు విండోస్‌తో పాటు బయోస్ (విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా వేశారు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిస్తే నీలం తెర, బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ భాగం) రికవరీ కీ ఇమ్మంటోంది. 48 అంకెలు, ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ఒకటిన్నరకు క్లయింటుతో కాల్. ఆ కీ మామూలుగా ల్యాప్‌టాప్ మొదటిసారి సెట్ చేసినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యామో అందులో ఉంటుంది. సెట్ చేసింది వాళ్ళన్నయ్య, తన ఈమెయిల్‌తోనే. అన్నయ్యేమో హైదరాబాద్‌లో బండి మీద ఉన్నాడు. పక్కకు ఆపించి, ఫోన్‌లో లాగిన్ చేయించి, ఆయన అంకెలు చదువుతుంటే ఈ అమ్మాయి కొడుతుంటే, నేను ఇంకో ఫోన్‌లో క్లయింటుకు సర్దిచెప్తుంటే, ఐదో గుంపులో ఒక అంకె తప్పు పడి మళ్ళీ చదవాల్సి వచ్చింది. "అన్నయ్యా, ఆరా తొమ్మిదా సరిగ్గా చెప్పు" అని ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో అడగడం నాకింకా చెవుల్లో ఉంది. గంటన్నర పోయింది.

బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను కాసేపు సస్పెండ్ చేయాలి, అంతకంటే ముందు కీ ఎక్కడుందో రాసి పెట్టుకోవాలి. ఈ పని చేసి బతికేవాళ్ళకు ఇది మొదటి పాఠం. అడిగితే "మర్చిపోయామక్కా" అన్నారు. ఆ నెల ఆ సిస్టమ్‌కు డబ్బు తీసుకోలేదు, 350 మిగిలింది, సంతోషం. మీరు ఇలాంటి సర్వీసు తీసుకుంటే మొదటి రోజే ఐదు సిస్టమ్‌ల కీలూ కాగితం మీద రాయించి బీరువాలో పెట్టుకోండి, నేనిప్పుడు అలాగే పెట్టాను, మా అమ్మ పట్టుచీరల కింద ఉన్నాయి.

రెండోది, రిమోట్ టూల్. అటునుంచి మా సిస్టమ్‌లు చూడటానికి ఒక సాఫ్ట్‌వేర్ వేశారు. మొదట్లో అది ఎప్పుడంటే అప్పుడు, మేం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లోపలికి రాగలిగేట్టు పెట్టారు. నేను కుదరదన్నాను. 2021 జూలైలో కసేయా అని, ఇలా చిన్న ఆఫీసుల సిస్టమ్‌లు చూసేవాళ్ళు వాడే టూల్ ఒకటి, దాని లోపంలోంచి వచ్చి ఎనిమిది వందల నుంచి పదిహేను వందల దాకా వ్యాపారాలను ఒకేసారి తాళం వేసి డబ్బులడిగారు. తాళాలు బాగుచేయడానికి వచ్చినవాడి దగ్గర ఊరందరి తాళంచెవులూ ఉంటే దొంగ అందరిళ్ళూ ఎందుకు తిరుగుతాడు, వాడి దగ్గరికే వెళ్తాడు. ఇప్పుడు మా తెర మీద యాక్సెప్ట్ నొక్కితేనే వస్తారు, వాళ్ళ లాగిన్‌కు ఓటీపీ ఉంది. దీనికోసం మూడు వారాలు వెంటపడాల్సి వచ్చింది, వాళ్ళంతట వాళ్ళు చేయలేదు. ఇది నాకు నచ్చలేదు.

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. గుడివాడ డెస్క్‌టాప్ ఇంటెల్ ఆరో తరానిది, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఏ షాపువాడైనా అప్పుడు కొత్త సిస్టమ్ కొనమంటాడు, నలభై వేల బేరం. వీళ్ళు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ చేయించి, సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టించి, ఇంకో ఏడాదికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వచ్చేట్టు నమోదు చేసేశారు. 2026 అక్టోబర్ 13 దాకా. "ఆలోపు నెలకింత దాచుకోమనండక్కా" అన్నాడు. వ్యాపారం తెలీని కుర్రాడు.

అదే డెస్క్‌టాప్‌కు మే నెలలో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. కరెంటు వచ్చాక చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటూ నలభై నిమిషాలు కూర్చుంది. అదృష్టం, ఏమీ పోలేదు. రౌటర్ల సంగతి నేను అడిగేదాకా వాళ్ళకు తట్టలేదు, అడిగాక అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మార్చారు, లోపలి సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళ చేతిలో ఉంటుంది మేమేం చేయలేమన్నారు. నెలనెలా ఒక రిపోర్టు పంపుతారు, ఇంగ్లీషులో పదకొండు పేజీల పీడీఎఫ్, మా గ్రూపులో ఒక్కరు తెరవలేదు. క్లయింటు మాత్రం అదే చూసి తృప్తి పడ్డాడు, ఫారం పాసయింది, కాబట్టి దాన్ని తిట్టను. ఆదివారం ఫోన్ ఎత్తరు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. బిట్‌లాకర్ మధ్యాహ్నం లేకపోతే నాలుగు.

పోయిన వారం రెండో ఏడాదికి డబ్బు కట్టాను. కట్టేముందు రెండు అడిగాను: బయోస్ అప్‌డేట్ ఏదైనా నాకు ఫోన్ చేసి చెప్పాకే వేయాలి, ఆదివారం పొద్దున ఒక్క గంటైనా ఫోన్ ఎత్తాలి. మొదటిది సరేనన్నారు. రెండోదానికి షాపు ఓనరు నవ్వి, "ఆదివారం మా ఇంట్లో నా ఫోన్ మా ఆవిడ దగ్గరుంటుందండీ" అన్నాడు. తెనాలి బాబాయ్ మాత్రం ఇప్పుడు శనివారం రాత్రి ఎవరూ చెప్పకుండానే రీస్టార్ట్ కొట్టి, గ్రూపులో టాస్క్ మేనేజర్ ఫోటో పెడుతున్నారు. మొన్నటిదాంట్లో అప్‌టైమ్ నాలుగు నిమిషాలు. కింద ఒక గులాబీ పువ్వు.